ఫెన్నా తుడిచిన బల్ల కొన

డెబ్బై ఒకటో ఏట ఫెన్నా లబ్బర్స్ ప్రసంగం వినడం మానేసింది. చెవులు బాగానే ఉన్నాయి. పాస్టర్ బూమా గొంతు చివరి వరస దాకా ఖంగుమని వినిపిస్తుంది. అడ్డం వచ్చిందల్లా గుడిలో కొత్తగా వేసిన ప్రభువు బల్ల, సంస్కారపు రొట్టె, ద్రాక్షరసం పెట్టేది. వేదిక ముందు నడిమధ్యన దాన్ని వేశారు. ఫెన్నా కూర్చునేది ఎడమవైపు మూడో వరసలో. అక్కణ్ణుంచి చూస్తే బల్ల ఎడమ కొన సరిగ్గా కంటికి ఎదురుగా వస్తుంది. పైపలకంతా తేనెరంగులో నిగనిగలాడుతోంది, కొన మాత్రం పొయ్యిలోంచి లాగిన కట్టెలా నల్లగా ఉంది. వెస్ట్‌వీన్‌లో ప్రసంగానికి మూడు భాగాలు, భాగానికో పిప్పరమెంటు. మొదటి పిప్పరమెంటు నోట్లో వేసుకున్నప్పుడు ఆ కొన మీద పడిన చూపు మూడోది కరిగిపోయినా పక్కకి జరిగేది కాదు. పాస్టర్ నరకం గురించి చెప్పినా, బైబిల్లో నయోమి గురించి చెప్పినా ఆవిడకి తెలిసింది ఒకటే, ఎవడో ఆ కొనని రుద్దకుండా రంగు పూసేశాడు.

ఎవడో ఏమిటి, గెరిట్ టిమ్మర్. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు, ఎందుకంటే గెరిటే ఊరంతటికీ చెప్పుకున్నాడు.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు పడమటి ఒడ్డున ఉల్లిపాయలు పండించనివాళ్ళు బల్లలు చేస్తారు. వెస్ట్‌వీన్‌లో ఉన్న ఒకే ఒక్క బల్లల ఫ్యాక్టరీలో ఫెన్నా ముప్ఫై ఒక్క ఏళ్ళు రంగుగదిలో పనిచేసింది. గెరిట్ పక్కనే ఉన్న కూర్పుగదికి మేస్త్రీ. కూర్పుగదిలో అందరూ మగవాళ్ళు, రంగుగదిలో అందరూ ఆడవాళ్ళు. కోసి, చెక్కి, అతికిన టీపాయిలు తలుపు దాటి ఇవతలికి వస్తే వీళ్ళు రంగు పట్టించి, గుడ్డతో తుడిచి, మెరుగుపెట్టి పంపేవాళ్ళు. మగవాళ్ళు వీళ్ళని రంగుల పిల్లలు అనేవారు. అరవై ఏళ్ళ వయసులో ఉద్యోగం మానేసిన రోజున కూడా ఫెన్నా రంగుల పిల్లే. ఆవిడని పెళ్ళి చేసుకుంటానని ఇద్దరు అడిగారు, ఇద్దరూ కూర్పుగది వాళ్ళే. మీరు చేసిన సొరుగు బిగుసుకుపోతోందని మొదటివాడితోనూ, మీ నోరు బిగుసుకోవడం లేదని రెండోవాడితోనూ చెప్పి పంపేసింది. ఆ తరవాత ఎవరూ ధైర్యం చేయలేదు.

కర్ర సంగతి ఒక్క ముక్క చెప్పాలి, లేకపోతే ఈవిడ గొడవ అర్థం కాదు. కర్రని అడ్డంగా కోసిన చోట సన్నసన్నని గొట్టాల మూతులన్నీ తెరుచుకుని ఉంటాయి. రంగు తగిలిందా, దాహం వేసిన గొడ్డులా పీల్చేస్తుంది. అంత తాగిన కొన నల్లబడక ఏమవుతుంది? అందుకని కొనని పైపలకకి వాడేదాని కన్నా సన్నటి ఉప్పుకాగితంతో రుద్దాలి. అద్దంలా నున్నబడేదాకా రుద్ది, పల్చటి జిగురునీళ్ళు ఒక పూత పట్టించాలి. అవి ఆరాక ఇంకోసారి మెల్లగా కాగితం తిప్పి, అప్పుడు రంగు వెయ్యాలి. ఇంత చేస్తే కొన కూడా మర్యాదగా పైపలక తాగినంతే తాగుతుంది, రెండింటికీ ఒకటే రంగు వస్తుంది.

కూర్పుగది నుంచి వచ్చే టీపాయిల కొనలు రంపం వదిలినట్టే ఉండేవి. చేరిన మొదటి ఏడే ఫెన్నా తలుపు దగ్గర నిలబడి, కొనలు కొంచెం సన్నకాగితంతో రుద్ది పంపమని మేస్త్రీగారిని అడిగింది. అతను పెన్సిలు చెవికి పెట్టుకుని, మేం బల్లలు చేసేవాళ్ళం, మీరు తుడిచేవాళ్ళు, తుడవడం కూడా ఒక పనేనా పిల్లా, అన్నాడు. వెనకాల ఉన్న పన్నెండుమందీ నవ్వారు. ఫెన్నా మళ్ళీ అడగలేదు. మర్నాటి నుంచి గంటన్నర ముందొచ్చి, మధ్యాహ్నం రొట్టె తినే టైములో సగం మింగేసి, కొనలన్నీ తనే రుద్దుకుంది. ఎవరికీ చెప్పలేదు. అడిగి నవ్వించుకోవడం కన్నా చెయ్యి నొప్పి నయమనుకుంది.

దీనివల్ల ఒక విచిత్రం జరిగింది. షికాగో నుంచి వచ్చే కొనుగోలుదార్లు టీపాయి కొన మీద వేలు రాసి, ఇంత సమంగా రంగు దిగిన కొన ఇంకెక్కడా చూడలేదనేవారు. యజమాని గెరిట్‌ని పిలిపించేవాడు. గెరిట్ తన రంపం కోత గురించి చెప్పేవాడు. పళ్ళు పదునుగా ఉండాలట, చెయ్యి వణకకూడదట, అలా కోస్తే కొన దానంతటదే రంగుని అదుపులో పెట్టుకుంటుందట. మొదట్లో అతను ఇది కొంచెం కోతలుగానే చెప్పి ఉండాలి. పదేళ్ళు గడిచేసరికి గట్టిగా నమ్మేశాడు. ఇవన్నీ తలుపు ఇవతల నుంచి వింటూ ఫెన్నా గుడ్డ పిండుకునేది. కోపం ఉండేది, లేదనను. కానీ ఒక మనిషి తన గురించి తాను అంత హాయిగా పొరబడుతుంటే చూడటంలో ఒక రకమైన సరదా కూడా ఉంది, ఆ సరదాని ఆవిడ వదులుకోలేకపోయింది.

ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్ళయింది. గెరిట్ సంఘ పెద్ద అయ్యాడు. గుడిలో పాత బల్లకి పురుగు పడితే, కొత్తది నేను చేస్తానని తనే ముందుకొచ్చాడు. మేపుల్ కర్రతో చక్కగా చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి, ఫెన్నా కూడా ఒప్పుకుంది. తరవాత జీవితంలో మొట్టమొదటిసారి రంగు కూడా తనే వేశాడు. కొనలు నల్లబడేసరికి తెల్లబోయాడు. రంపం అదే, చెయ్యి అదే. మూడు రోజులు ఆలోచించి, ఈ కాలపు కర్రలో పస లేదని తేల్చాడు.

ఆరాధన అయ్యాక కింద గదిలో కాఫీ దగ్గర ఫెన్నా అతన్ని మెల్లగా కదిపింది. కొనలు మళ్ళీ గీకి చూస్తే బాగుంటుందేమో అంది. గెరిట్ కప్పులో పంచదార కలుపుకుంటూ నలభై ఏళ్ళ కిందటి నవ్వే నవ్వాడు.

"నేను చెయ్యాల్సిందంతా చేశాను పిల్లా. ఇక మిగిలింది తుడవడమేగా, అదీ ఒక పనేనా?"

కాఫీ పోసే విల్మా, ఫెన్నాకి చిన్ననాటి స్నేహితురాలు, ఆ మాట విని ఫెన్నా మొహం వంక చూసి కెటిల్ జాగ్రత్తగా కింద పెట్టింది. ఆ మొహం ఆవిడకి తెలుసు.

కాఫీ కమిటీ వాళ్ళ దగ్గర గుడి తాళంచెవి ఒకటి ఉంటుంది. సోమవారం పొద్దున ఫెన్నా సంచీ పట్టుకుని, విల్మాని కాపలాకి తీసుకుని వెళ్ళింది. ఉక్కురేకుతో నలుపంతా గీకేసింది. గరుకు కాగితంతో మొదలుపెట్టి మూడు వందల ఇరవై నంబరు సన్నకాగితం దాకా వరసగా రుద్ది, జిగురునీళ్ళు పట్టించి ఇంటికొచ్చింది. మంగళవారం మళ్ళీ వెళ్ళి, జామ్ సీసాలో కలుపుకొచ్చిన రంగు వేసి తుడిచింది. గురువారం మెరుగు పెట్టింది. ఎడమ కొన పైపలకతో కలిసిపోయి, బల్ల అక్కడితో ఆగకుండా కిందికి ఒంగినట్టు కనిపించింది. విల్మా వేలు పెట్టి రాసి చూసి, కుడివైపు ఎప్పుడు చేద్దామంది.

"కుడివైపు చేస్తానని ఎవరన్నారు?" అంది ఫెన్నా.

విల్మాకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక బెంచీ మీద కూలబడి, గుడి అన్న సంగతి మరిచిపోయి పొట్ట పట్టుకుని నవ్వింది.

వెస్ట్‌వీన్‌లో ఏ కుటుంబం ఏ బెంచీ మీద కూర్చోవాలో తాతల నాడే తేలిపోయింది. ఎడమవైపు వాళ్ళు పుట్టి పెరిగి పోయేదాకా ఎడమవైపే. అందుచేత ఆ ఆదివారం ఎడమవైపు వాళ్ళకి తేనెరంగు కొన కనిపించింది, కుడివైపు వాళ్ళకి నల్ల కొన కనిపించింది. కాఫీ దగ్గర ఎడమవైపు వాళ్ళు నలుపు భలే పోయిందన్నారు. కుడివైపు వాళ్ళు మీకు కళ్ళజోడు మార్చాలన్నారు. మాటా మాటా పెరిగింది. అరవై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ పోట్లాడుకోని ఒక జంట, ఆ రోజు భార్య మునిమనవరాలిని ఆడిస్తూ కుడివైపు కూర్చోవడం వల్ల, మధ్యాహ్నం భోజనం దాకా మాట్లాడుకోలేదు. ఆఖరికి అందరూ కలిసి పైకి వెళ్ళి బల్ల చుట్టూ తిరిగారు. తిరిగి గెరిట్ వంక చూశారు.

ఫెన్నా వెనకాల నిలబడి కాచుకుంది. ఇప్పుడు అతను అడగాలి, ఎవరు చేశారని. అడిగితే చెప్పాలి. చెప్తే, అది ఎలా చేశారో కూడా చెప్పాలి. ఆవిడ లెక్క అది.

గెరిట్ ఎడమ కొనని చూశాడు. కిటికీ వంక చూశాడు. ఎడమవైపు కిటికీలన్నీ తూర్పుకి. ముఖం విప్పారింది.

"ఎండ," అన్నాడు. "పొద్దుటెండ తగిలి నలుపు విరిగింది. మంచి కోత కోసిన కర్ర ఎండకి తేరుకుంటుంది. నేను చెప్పలేదూ?"

అతను చెప్పలేదు, కానీ చెప్పలేదని ఎవరూ అనలేదు. సంఘ పెద్దలు అప్పటికప్పుడు కూడబలుక్కుని, కుడి కొనకి కూడా ఎండ తగలాలని బల్లని అటు కొన ఇటు వచ్చేలా తిప్పి వేశారు. నల్ల కొన వచ్చి సరిగ్గా ఫెన్నా మూడో వరసకి ఎదురుగా కూర్చుంది. చేజేతులా చేసుకున్నదానికి ఎవర్నీ ఏమీ అనడానికి లేదు. విల్మా దగ్గు వచ్చినట్టు బయటికి వెళ్ళిపోయింది.

ఆరు వారాలు ఆ కొనని సూర్యుడు చూశాడు, ఎడమవైపు జనమంతా చూశారు, ఫెన్నా చూసింది. మేపుల్ మీద పట్టిన రంగు ఎండకి ఎక్కడికి పోతుంది? కానీ నమ్మకం పాడు వస్తువు. రెండో వారానికే కొందరికి ఓ పిసరు తగ్గినట్టనిపించింది. నాలుగో వారానికి, నిరుటికన్నా చాలా నయమని ఒకాయన అన్నాడు. నిరుడు ఆ బల్ల చెట్టుగా ఉంది. గెరిట్ పొద్దున్నే వచ్చి కర్టెన్లు పక్కకి లాగేవాడు, పాపం నిజంగానే ఎదురుచూసేవాడు. అతను అబద్ధమాడుతుంటే ఫెన్నా సహించేదేమో. నిజమనుకుని మాట్లాడుతున్నాడు, అక్కడే ఒళ్ళు మండింది. తన పని కాస్తా మొదట అతని రంపానికి పోయింది, ఇప్పుడు సూర్యుడికి పోయింది. ఇక చచ్చేలోపు ఒక్కసారైనా ఆ నోటితో అది పని అనిపించాలి. అంతకన్నా ఆవిడకి ఇంకేమీ అక్కర్లేదు.

వెస్ట్‌వీన్‌లో ఆదివారం ఎవరూ పనిచేయరు. బంగాళాదుంపల తొక్క శనివారం సాయంత్రమే తీసేస్తారు. గడ్డి కోయరు, బట్టలు ఆరేయరు. ఆ కట్టుబాటుకి గెరిట్‌ని మించిన కాపలాదారు లేడు. పోయిన వేసవిలో విల్మా మొగుడు ఆదివారం నాడు కారు మీద పడిన పిట్టరెట్టని పైపుతో కడిగితే, మంగళవారం ఇంటికెళ్ళి గంటన్నర హితబోధ చేశాడు.

ఏడో ఆదివారం ఆఖరి ప్రార్థన అయింది. జనం కోట్లు అందుకుంటున్నారు. ఫెన్నా బెంచీ కింద నుంచి సంచీ తీసింది, నేరుగా బల్ల దగ్గరికి నడిచింది. కింద పళ్ళేలు తుడిచే తువ్వాలు పరిచి, దాని మీద మోకాళ్ళకి చిన్న దిండు వేసుకుంది. ఉక్కురేకు, ఉప్పుకాగితాలు, జిగురునీళ్ళ సీసా, రంగు సీసా, గుడ్డలు, ఒక్కొక్కటీ తీసి వరసగా పెట్టింది. కోట్లు సగం తొడుక్కున్న చేతులు సగంలోనే ఆగిపోయాయి.

గెరిట్ అంత వయసులోనూ నాలుగంగల్లో వచ్చాడు. "ఏం చేస్తున్నావు?"

"తుడుస్తున్నానండీ," అంది ఫెన్నా.

"ఇవాళ ఆదివారం."

"తెలుసు. పని చెయ్యకూడదు. అందుకే ఇది పెట్టుకున్నాను."

గెరిట్ వరసగా పెట్టిన సీసాల వంక చూశాడు. ఫెన్నా ఉక్కురేకు అంచు బొటనవేలితో చూసుకుని, ముప్ఫై ఒక్క ఏళ్ళు నేర్చుకున్న వినయమంతా గొంతులో పోసి మాట్లాడింది.

"మీరే కదండీ చెప్పారు, తుడవడం పని కాదని. ఫ్యాక్టరీలో చెప్పారు, మొన్న కాఫీ దగ్గర చెప్పారు. పని కానిది ఆదివారం చేస్తే తప్పేముంది? ఎండ కూడా ఆదివారం కాస్తూనే ఉంది కదా, దాన్నెవరూ ఆపలేదు."

కుడివైపు ఎవరో కిసుక్కుమన్నారు. పాస్టర్ బూమా బైబిలు చంకన పెట్టుకుని దగ్గరికొచ్చాడు. ఆయన ఈ ఊరివాడు కాదు, ఊరికి వచ్చి నాలుగేళ్ళే అయింది, అయినా ఇలాంటి సందర్భంలో తను వేలు పెట్టకూడదని తెలుసు. ఇది సంఘ పెద్ద తేల్చాల్సిన సంగతి అన్నాడు. పనైతే ఆపించండి, కాకపోతే ఆవిడ మానాన ఆవిణ్ణి చేసుకోనివ్వండి అన్నాడు. అని, నవ్వు రాకుండా పైకప్పు వంక చూస్తూ నిలబడ్డాడు.

నూట నలభైమంది గెరిట్ టిమ్మర్ వంక చూస్తున్నారు. విల్మా మొగుడు అందరికన్నా ముందుకొచ్చి మరీ చూస్తున్నాడు. పని కాదంటే ప్రభువు దినాన ప్రభువు బల్లని గీకడానికి సంఘ పెద్దే సెలవిచ్చినట్టు. పనంటే ఏమవుతుందో, అక్కడున్న రంగుగది ముసలమ్మలు తొమ్మిదిమంది మొహాల్లోనే రాసి ఉంది. గెరిట్ ఆ తొమ్మిదిమందినీ ఒక్కొక్కర్నీ చూశాడు. ఫెన్నా రేకుని కొన మీద ఆనించింది.

"ఆపు," అన్నాడు గెరిట్. మళ్ళీ అన్నాడు, "ఆపు ఫెన్నా. అది పని."

"వినపడలేదండీ, వెనకవాళ్ళకి."

"అది పనే," అన్నాడు గట్టిగా.

ఫెన్నా రేకు తీసేసింది. ఒక్కొక్కటే సంచీలో సర్దుకుని, తువ్వాలు మడత పెట్టుకుని, అయితే రేపొస్తానంది. మోకాళ్ళు పట్టేసి లేవలేకపోతే గెరిటే చెయ్యి అందించాడు. ఫెన్నా మెట్లు దిగి కాఫీ దగ్గరికి వెళ్ళింది. గెలిచాననే సంతోషం ఉంది, దానితోపాటు ఎందుకో ఏడుపు కూడా వచ్చింది. ఆ ఏడుపు మీద విసుక్కుంటూ కాఫీలో పంచదార రెండుసార్లు వేసుకుంది.

సోమవారం ఎనిమిదింటికి వెళ్ళేసరికి గుడి మెట్ల మీద గెరిట్ కూర్చుని ఉన్నాడు. పని బట్టలు వేసుకొచ్చాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో ఆవిడ అడగలేదు. లోపలికెళ్ళాక బాగున్న కొన దగ్గర అతను చాలాసేపు ఒంగి చూశాడు, షికాగో వాళ్ళు రాసినట్టే వేలు రాశాడు. ఆ వేలు అక్కడే ఆగిపోయింది.

"ఫ్యాక్టరీలో ఇవి... ఇలాగే ఉండేవి," అన్నాడు.

"ఉండేవండీ."

"అవి కూడా నువ్వేనా?"

ఫెన్నా ఈ ప్రశ్నకి జవాబు చాలా ఏళ్ళ కిందటే తయారు చేసి పెట్టుకుంది. రెండు మూడు రకాలుగా, ఒకదాన్ని మించి ఒకటి ఘాటుగా. తీరా చూస్తే ఎదురుగా డెబ్బై నాలుగేళ్ళ ముసలాయన. అతని చేతుల్లోంచి రంపం ఇప్పుడే ఎవరో తీసేసుకున్నట్టు నిలబడ్డాడు. అన్నీ నేనేనండీ, అంది. అంతే అనగలిగింది.

"మరి చెప్పలేదేం?"

"మొదటి ఏడే చెప్పాను. మీరు నవ్వారు."

గెరిట్‌కి ఆ సంగతి గుర్తు రాలేదు. గుర్తు లేదని చెప్పడానికి కూడా అతనికి మొహం చెల్లలేదు. చొక్కా చేతులు మడిచి, రేకు ఇలా ఇమ్మన్నాడు. ఫెన్నా ఇచ్చింది. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, అటు కాదు, వాలుగా పట్టండి, అంత నొక్కకండి, అని చెప్తూ వచ్చింది. నలుపు పొట్టుగా రాలింది. తరవాత నూట యాభై నంబరు కాగితం, దాని తరవాత రెండు వందల ఇరవై. ప్రతిసారీ అతను అయిపోయిందా అన్నట్టు చూడటం, ఆవిడ వేలితో రాసి తల అడ్డంగా ఊపడం. గంట దాటింది. మూడు వందల ఇరవై చేతికిచ్చేసరికి గెరిట్ కాగితం పక్కన పెట్టి, కుడి మణికట్టు ఎడమచేత్తో పట్టుకుని, కాసేపు వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ కూర్చున్నాడు.

"రోజుకి ఇలాంటివి ఎన్ని చేసేదానివి?" అని అడిగాడు.

"టీపాయిలు చిన్నవి కదండీ, ఇంతసేపు పట్టదు," అంది ఫెన్నా. "రోజుకి ఇరవై. రెండేసి కొనలు. నలభై."

గెరిట్ మొహం ఆవిడకి కనపడకుండా బల్ల వైపు తిప్పుకుని, కాగితం తీసుకుని మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు. వేగంగా రుద్దుతున్నాడు, కొంచెం ఎక్కువ వేగంగానే. ఫెన్నా కాసేపు చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. మణికట్టుతో కాదు, భుజంతో రుద్దితే నొప్పి ఉండదని చెప్పింది. అది తెలుసుకోవడానికి తనకి నాలుగేళ్ళు పట్టిందని కూడా చెప్పింది.